నేను చదవకుండా వదిలేసిన రెండు మాటలు

తొమ్మిదేళ్లుగా రెండు మాటలు నా గొంతులో అడ్డంపడి ఉన్నాయి. ఇంట్లో చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

గద్వాల దగ్గర ఒక పత్తి విత్తనాల ప్లాంటులో నేను ల్యాబ్ పని చేసేవాణ్ణి. పొలాల నుంచి వచ్చే గింజల మీద సన్నటి నూగు ఉంటుంది. వాటిని పెద్ద డ్రమ్ములో వేసి, యాసిడ్‌తో ఆ నూగు తీసి, కడిగి ఆరబెడతారు. ఆ డ్రమ్ము దగ్గర మనిషి అంజన్న. మల్దకల్ దగ్గరి ఊరు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. గింజ రంగు చూసి "సాలు" అనేవాడు, అంటే సరిగ్గా సరిపోయినట్టే. చదువు రాదు. అందుకని డ్రమ్ము రిజిస్టర్‌లో ఆయన చెబుతుంటే నేను రాసేవాణ్ణి, కింద ఆయన వేలిముద్ర వేసేవాడు. ఏం రాశావో చదివి వినిపించమని ఒక్కనాడూ అడగలేదు.

ఇక మా మేనేజర్. అబ్బబ్బ, ఏం మనిషండీ! సోమవారం మీటింగ్ అంటే ఆయన గొప్పలు ఆయన చెప్పుకోవడం, మేము చప్పట్లు కొట్టడం. ఆఫీసు గ్రూపులో తన ఫోటో పెడితే ఎవరు దండం బొమ్మ పెట్టారో, ఎవరు పెట్టలేదో చూసుకునేవాడు. మంచి జరిగితే "నేను చేశాను". చెడు జరిగితే "వీళ్లకు చేతకాదు". సార్, ఇట్లా కాదేమో అని ఎవరైనా నోరు తెరిస్తే ఇక ఆ నెలంతా వాడి బతుకు కుక్కలపాలు. అందరం నోళ్లు కుట్టేసుకున్నాం. దానికి మర్యాద అని పేరు కూడా పెట్టుకున్నాం. థూ.

ఒకసారి హైదరాబాద్ నుంచి పెద్దవాళ్లు వస్తున్నారన్నారు. గింజ నల్లగా నిగనిగలాడాలని మేనేజర్ పట్టు. ఇంకో ఐదు నిమిషాలు యాసిడ్‌లో తిప్పమన్నాడు.

"గింజ కాల్తది సార్" అన్నాడు అంజన్న.

"నువ్వు నాకు నేర్పుతావా?"

నేను పక్కనే ఉన్నాను. నేలచూపులు చూశాను. మేనేజర్ చెప్పినట్టే అంజన్న తిప్పి, చేతులు కడుక్కుని నా దగ్గరికొచ్చాడు. "సార్ చెప్పినందుకు ఐదు నిమిషాలు ఎక్కువ తిప్పినం అని రాయి తమ్మీ" అన్నాడు. అక్షరం పొల్లుపోకుండా రాశాను. వేలిముద్ర వేశాడు.

పెద్దవాళ్లు వచ్చారు, గింజ మెరుపు చూసి మెచ్చుకున్నారు, వెళ్లారు. పదిరోజుల తర్వాత నా ల్యాబులో మొలక పరీక్షకు గింజలు పెట్టిన తడి కాగితాల చుట్టలు విప్పితే సగానికి సగం మొలవలేదు. లోపల కాలిపోయాయి. ఆనాటి సరుకంతా పారబోయాల్సిందే.

సోమవారం మీటింగ్‌లో మేనేజర్ బల్ల గుద్దాడు. ఐదు నిమిషాలు ఎక్కువ తిప్పమని ఎవడు చెప్పాడన్నాడు. తనే అడుగుతున్నాడు, చూడండి! అంజన్న లేచి నిలబడ్డాడు. ఆ గదిలో అట్లా లేచిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

"మీరే చెప్పిండ్రు సార్. రిజిస్టర్ల ఉంది. తమ్మి రాసిండు."

మేనేజర్ నవ్వాడు. రిజిస్టర్ నా ముందుకు తోసి "చదువు" అన్నాడు. అంతే. అబద్ధం చెప్పమనలేదు. బెదిరించలేదు. నేను ఏం చేస్తానో ఆయనకు ముందే తెలుసు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"ఐదు నిమిషాలు ఎక్కువ తిప్పినం" అని చదివాను.

"గట్ల కాదు తమ్మీ. ముందుగాల సార్ మాటుంది సూడు. జర మంచిగ చదువు."

"గింతే ఉందన్నా."

ఆయన నా నోటి వంకే చూశాడు. తర్వాత పుట వంక చూశాడు. ఏ గీత ఏ మాటో ఆయనకేం తెలుసు? నా పక్క కుర్చీలో సూపర్‌వైజర్. పుట ఆయనకు స్పష్టంగా కనబడుతోంది. ఆయన గడియారం చూసుకున్నాడు. అంజన్నను ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు.

ఎందుకు చేశాను? భయమా? భయమే అనుకుందామని చాలా ఏళ్లు చూశాను. కానీ భయపడ్డవాడు నోరు మూసుకుంటాడు, నేను నోరు తెరిచి మరీ ఒక మనిషిని అబద్ధాలకోరును చేశాను. రెండు నెలలకు నన్ను ల్యాబ్ ఇన్‌చార్జిని చేశారు. వద్దన్నానా? లేదు. మేనేజర్ పెద్ద పదవికి బదిలీ అయిపోతుంటే శాలువా కప్పింది కూడా ఈ చేతులే. అట్లాంటి వాళ్లు ఎట్లా ఎదుగుతారని అందరూ అడుగుతారు. మాలాంటి వాళ్లం చదివి పెడితే ఎదుగుతారు.

పోయినేడు వనపర్తి బస్టాండ్‌లో అంజన్న కనిపించాడు. వేరుశనగ మిల్లులో మూటలు మోస్తున్నాడు. మనిషి సగమయ్యాడు. తప్పించుకుందామనుకున్నాను, తనే పిలిచాడు.

"బాగున్నవా తమ్మీ? ఆ దినం నువ్వు రాసుడు మర్సినట్టున్నవ్. పోనీ తియ్, పని బిజీల గట్లయితది."

ఎనిమిదేళ్లు ఆయన అట్లా అనుకున్నాడు. నేను మరిచిపోయానని! నేనేమన్నానో తెలుసా? "అవునన్నా, మర్సిన" అన్నాను. రెండోసారి. ఈసారి ఎదురుగా ఏ మేనేజరూ లేడు. బస్సొచ్చింది, ఎక్కేశాను.

ఆయన క్షమించింది నేను చేయని తప్పును. చేసిన తప్పు చేసినట్టే ఉంది. దాన్ని క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. ఆ రిజిస్టర్ ఏ చెత్తలో కలిసిందో తెలియదు. కానీ ఆ పుటలో ఏముందో నాకు తెలుసు. ఆ రోజు చదవాల్సింది ఇప్పుడు చదువుతున్నాను, వినండి.

"సార్ చెప్పినందుకు ఐదు నిమిషాలు ఎక్కువ తిప్పినం." కింద అంజన్న వేలిముద్ర.