కూర్మాసనం దగ్గర చెలువమ్మ

మైసూరులోని మా ఒంటికొప్పల్‌లో చెలువమ్మని అందరూ తాబేలు మేడమ్ అంటారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది? ఆవిడ దగ్గర యోగా నేర్చుకునేవాళ్ళు ఎంత బాగా చేసినా కూర్మాసనం దాకా వచ్చి ఆగిపోవాల్సిందే. కాళ్ళు చెరోవైపు చాపి, చేతులు ఆ కాళ్ళ కిందుగా దూర్చి, గడ్డం నేలకానించి బోర్లా పడుకోవాలి. అంతే, ఇక ఇంటికి వెళ్ళొచ్చు. ఎందుకంటే ఆవిడా అక్కడే ఆగిపోయింది.

నేను పెళ్ళై నెల్లూరు నుంచి ఈ వీధికి వచ్చిన కొత్తల్లో చెలువమ్మ మా పక్క షెడ్డులో అగరొత్తులు చుట్టేది. ఆ పొడికి ఆయాసం పట్టుకుంది. గోడ ఇవతల నాకు దగ్గే వినిపించేది. వీధి చివర నంజుండ మేష్టారి యోగశాల ఉండేది. ఒకరోజు ఆయన షెడ్డు ముందు ఆగి, "ఏమ్మా, ఊపిరి తీసుకుంటున్నావా, ఊపిరితో పోట్లాడుతున్నావా? రేపు తెల్లారకముందే రా" అన్నారు.

"నాకవన్నీ ఏం వస్తాయి మేష్టారూ?"

"ఊపిరి తీసుకోవడం వచ్చుగా? వచ్చిందే నేర్పుతాను."

వాళ్ళత్త మామూలు మనిషా! "అగరొత్తులు చుట్టింది చాలక నిన్ను నువ్వే చుట్టుకోవడం నేర్చుకుంటున్నావుటే?" అని వీధంతా వినపడేలా దెప్పేది. చెలువమ్మ తల వంచుకుని వెళ్ళేది, వెళ్ళడం మాత్రం మానలేదు. దగ్గు తగ్గింది. ఆవిడ నడకే మారిపోయింది.

మేష్టారిది ఒకటే పద్ధతి. ఒక ఆసనం కుదిరిందని ఆయనకు తోస్తే, వచ్చి పక్కన నిలబడి, తన చేత్తో తర్వాతది చేయించేవారు. దాన్ని 'ఇవ్వడం' అనేవాళ్ళు. ఆయన ఇవ్వనిది చేస్తే దొంగతనం కిందే లెక్క. అమావాస్యకీ పౌర్ణమికీ శాల తలుపులు తీసేవారు కారు.

కూర్మాసనం తర్వాతది సుప్త కూర్మాసనం. ఆ బోర్లా పడుకున్న మనిషి చేతులు వీపు మీద కలపాలి, పాదాలు తల మీదుగా మెలివేయాలి. మొదటిసారి అది ఒక్కరివల్లా కాదు, గురువు చెయ్యి పడాలి. పుట్టింటి నుంచి పిలుపు కోసం చూసే కొత్త కోడలిలా చెలువమ్మ దానికోసం ఎదురుచూసింది. నేలకు గడ్డం ఆనించి, మెడ కాస్త పక్కకు తిప్పి, ఆయన అడుగుల చప్పుడు వినేదట.

ఒకరోజు ఆ అడుగులు దగ్గరికి వచ్చాయి. పక్కనే ఆగాయి. ఆవిడ ఊపిరి బిగబట్టింది. మేష్టారు కాసేపు నిలబడి, "చాలు" అని లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు అమావాస్య, శాల లేదు. ఆ మధ్యాహ్నమే గుండె ఆగి ఆయన పోయారు. కర్మకాండలు కాగానే కూతురు వచ్చి మేష్టారి భార్య సావిత్రమ్మగారిని షిమోగా తీసుకెళ్ళింది. శాలకు తాళం పడింది.

చెలువమ్మకు మిగిలింది ఆ ఒక్క మాటే. నా అర్హత అంతవరకే అనుకుంది. అగరొత్తులు మానేసి, మా డాబా మీద ఆడవాళ్ళకు నేర్పడం మొదలుపెట్టింది. నేర్పడంలో మాత్రం ఆవిడకు వంక పెట్టలేం. నా కాళ్ళు నా మాటే వినవు, ఆవిడ మాట వింటాయి.

"మేష్టారి శిష్యులు ఇంకా ఉన్నారుగా, వెళ్ళి అడిగి ఇప్పించుకోరాదూ? ఎందుకే ఈ పంతం?" అని తిట్టేదాన్ని.

"ఆయన చాలన్నారక్కా. ఇంకొకరిని అడిగితే ఆయన మాట తప్పని చెప్పినట్టు కాదూ?"

కానీ రోజూ కూర్మాసనంలో అలా మెడ పక్కకు తిప్పి ఉండిపోయేది. రానివాళ్ళ అడుగుల కోసం వినే ఆ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చేది.

మొన్నీమధ్య శశికళ అని ఒక బస్సు కండక్టరు చేరింది. మొదటి బస్సు ఎక్కేముందు మా డాబా ఎక్కుతుంది. ఆ పిల్ల ఒళ్ళు దేవుడిచ్చిన వరం. చూస్తుండగానే కూర్మాసనం దాకా వచ్చేసి, "తర్వాతది మేడమ్?" అంది.

"లేదు."

"అదేంటి మేడమ్, టికెట్టు తీసుకున్నాక దార్లో దింపేస్తారా?"

"నన్నూ ఇక్కడే దింపారే" అని నవ్వింది చెలువమ్మ. ఇంకెవరూ నవ్వలేదు.

ఆ వారంలోనే ఏదో పెళ్ళికని సావిత్రమ్మగారు మైసూరు వచ్చి, మా ఇంట్లో కాఫీకి ఆగారు. చెలువమ్మ పరుగున వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టింది.

"ఎంతదాకా వచ్చావే?" అన్నారు ముసలావిడ.

"కూర్మాసనమమ్మా."

"అప్పుడూ అదేగా!"

"మేష్టారు చాలన్నారు కదమ్మా."

సావిత్రమ్మగారు గ్లాసు కింద పెట్టేశారు. "నీ గురించి కాదే పిచ్చిదానా! ఆ రోజు ఆయనకు గుండెలో పట్టేసింది. లోపలికొచ్చి మంచమెక్కి, 'వంగలేకపోయానే. చెలువ పాపం ఎదురుచూస్తూనే ఉంది. అమావాస్య వెళ్ళగానే దానికి ఇచ్చెయ్యాలి' అన్నారు."

"నాకీ మాట ఎవరూ చెప్పలేదమ్మా."

"నువ్వెప్పుడు అడిగావే?"

ఎలా అడుగుతుంది? గురువు ఎందుకివ్వలేదని ఈ వీధిలో ఎవరైనా అడుగుతారా? చెలువమ్మ నా వంటింటి గడప మీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు తెల్లవారుజామున డాబా మీద కూర్మాసనం వేసి, మెడ తిప్పకుండా చేతులు వెనక్కి పోనిచ్చింది. వేళ్ళకూ వేళ్ళకూ మధ్య జానెడు దూరం. పాదాలు తల దాకా రానేలేదు. అరవై దగ్గర పడ్డ మోకాళ్ళు మరి. నేను గబగబా వెళ్ళి చేతులు లాగి కలపబోయాను.

"వదిలెయ్యక్కా" అంది నేల మీంచే. "ఆ అమావాస్య వెళ్ళి చాలా ఏళ్ళైంది."

కాసేపటికి లేచింది. మొహం తుడుచుకుని, కూర్మాసనంలో ఉన్న శశికళ దగ్గరికి నడిచింది. అడుగుల చప్పుడుకి ఆ పిల్ల మెడ పక్కకు తిప్పింది. చెలువమ్మ వంగింది. ఒక చెయ్యి, తర్వాత రెండో చెయ్యి మెల్లగా వీపు మీదికి తెచ్చి వేళ్ళు కలిపింది. పాదాలు మెలివేసింది. మేష్టారు ఎంతమందికి ఇస్తుంటే చూసిందో, ఎక్కడా తడబడలేదు.

"ఇది మీకు ఇవ్వలేదన్నారుగా మేడమ్?" అంది శశికళ, గొంతు నలుగుతుండగా.

"నాదే. నువ్వు చెయ్యి. ఊపిరి తీసుకో."

పిల్ల వేళ్ళు వాటంతటవే పట్టు నిలుపుకున్నాయి. అయినా చెలువమ్మ వాటి మీది నుంచి తన చెయ్యి చాలాసేపటి వరకు తియ్యలేదు.