అత్తమ్మ ఉప్పు తక్కువన్న ఆ సాంబారు

ముందుగా క్షమాపణలు. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండున్నరకు, హాస్టల్ పప్పు ముందు కూర్చునే వేళకు ఈ పోస్టు పెడుతున్నందుకు, అశోక్ నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుతున్న అన్నలకూ అక్కలకూ శిరస్సు వంచి క్షమాపణలు. ఇందులో నెయ్యి ప్రస్తావన ఉంది కనుక డైటింగ్‌లో ఉన్నవారికి విడిగా మరొకటి. నా మనసు ఎంతో క్షోభిస్తోంది... అయినా పెడుతున్నాను.

మా చిన్నప్పుడు... అంటే నాకు తొమ్మిదేళ్లప్పుడు, అశోక్ నగర్‌లోని మా ఇంట్లో ఆదివారమంటే సెలవు కాదు, తీర్పు వెలువడే రోజు. నారాయణగూడ నుంచి మా మేనత్త భోజనానికి వచ్చేది. నాన్నకు అక్క, మాకు అత్తమ్మ. ఒక చేతిలో మామిడికాయ తొక్కు డబ్బా, ఇంకో చేయి నా చెవి మీద...

"ఏం అల్లుడా, ఏం వండింది మీ అమ్మ?"

ఏం వండుతుంది... సాంబారే! అమ్మ పొద్దున్నే లేచి ములక్కాడలు, సొరకాయ ముక్కలు వేసి పెద్ద గంజు నిండా కాచేది. ఇంగువ పోపు వాసన మా మొదటి అంతస్తు మెట్లు దిగి, వీధి మలుపు దాకా వెళ్లి చుట్టాలను పిలుచుకొచ్చేది. పొగలు కక్కే అన్నం, పైన నెయ్యి, పక్కన అప్పడం...

అత్తమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకునేది. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టేవాళ్లం.

"మంచిగనే ఉంది గానీ పద్మా... జర ఉప్పు తక్కువైంది. గా చిక్కడపల్లి హోటల్ల సాంబారు చూడు, గట్ల పడాలె ఉప్పు."

ప్రతి వారం ఇదే మాట. ఆ మాట అనేసి మూడుసార్లు వడ్డించుకునేది, అది వేరే సంగతి. ఒకసారి నాన్న "అక్క చెప్పిందంటే ఆలోచించాలె మరి" అన్నాడు. ఆ పూట ఆయనకు రెండో అప్పడం అందలేదు.

అత్తమ్మ వెళ్లిపోయాక అమ్మ గంజు తోముతూ అనేది... "ఉప్పు కాదు, నేనే తక్కువ గామెకు."

ఒక ఆదివారం అమ్మ సాంబారు కాయలేదు. నా చేతికి స్టీలు క్యాను ఇచ్చింది.

"చిక్కడపల్లి పోయి గా హోటల్ సాంబారే తే. ఎవ్వరికన్న చెప్పినవో, వీపు పగులుతది!"

వెళ్లాను. తెచ్చాను. అమ్మ దాన్ని మా గంజులో పోసి, వేడి చేసి, పైన కొత్తిమీర చల్లి, ఏమీ ఎరగని మొహం పెట్టుకుని వడ్డించింది.

అత్తమ్మ ముద్ద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. ఈసారి తెరవడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది.

"పద్మా... ఇయ్యాల నిజంగనే ఉప్పు తక్కువైందే!"

అమ్మ గంటె కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"వదినా, గది నేను చేసింది కాదు. మీరు మెచ్చుకునే చిక్కడపల్లి హోటల్‌ది."

నాన్నకు పొలమారింది. అత్తమ్మ ఒకసారి పళ్లెం వైపు, ఒకసారి అమ్మ వైపు చూసి... "దొరకబట్టినవు పో!" అని అందరికన్నా గట్టిగా నవ్వేసింది.

ఆ విజయగాథను అమ్మ నల్లకుంటలో చిన్నమ్మ ఇంట్లో చెప్పింది, కోఠిలో చీరల దుకాణంలో చెప్పింది, ఎవరి పెళ్లో గుర్తులేదు గానీ పీటల మీదున్న పెళ్లికూతురికి కూడా చెప్పింది. ప్రతిసారీ అత్తమ్మ పక్కనే ఉండి నవ్వేది.

కానీ ఆ రోజు తర్వాత అత్తమ్మ మళ్లీ ఉప్పు మాట ఎత్తలేదు. ఏం పెట్టినా "మంచిగుంది" అంటుంది. మొదట్లో అమ్మకు అది సన్మానంలా ఉండేది. రాను రాను అనుమానం మొదలైంది.

"మంచిగుందంటే... నిజంగ మంచిగున్నట్టేనా వదినా?"

"మంచిగుంది పద్మా."

అంతే. ఇంకేం వాదిస్తారు...

ఇప్పుడు ఆ హోటల్ లేదు. ఆ చోట "ప్రవేశాలు జరుగుచున్నవి" అనే బోర్డు ఉంది. ఆదివారం భోజనంలో సగం ఫోన్‌లోంచి వస్తుంది. ముక్కూ మొహం తెలియని వంటవాడికి స్టార్లిచ్చి అభిప్రాయాలు రాస్తాం గానీ, ఎదురుగా నిలబడి వడ్డించిన మనిషితో మొహం మీద "ఉప్పు తక్కువైంది" అని పోట్లాడేంత చనువు ఏమైపోయిందో...

మొన్న ఆదివారం అత్తమ్మ మా వంటింట్లో తొక్కు కలుపుతూ నన్ను పిలిచింది.

"జర ఉప్పు చూసి చెప్పు బిడ్డా. నా నాలుక మీద నాకే నమ్మకం లేదు. గంత మంచి హోటల్ సాంబారుకే వంక వెట్టిన కదా నేను..."

నవ్వుతూనే అంది. నేను వేలితో నాకి చూసి, సరిపోయిందన్నాను. పదహారేళ్లుగా ఆమె తొక్కు కలిపిన ప్రతిసారీ పక్కింటివాళ్లను పిలిచి ఉప్పు చూపించుకుంటోందని అప్పుడే ఆమె మాటల్లో తెలిసింది.

మీ ఇళ్లలోనూ ఇలాంటి ఉప్పు జడ్జీలు ఉండే ఉంటారు. వాళ్ల తీర్పులు కింద రాయండి, అందరం కలిసి చదువుకుందాం. అమ్మ ఈ పోస్టు చూసేలోపు నా వాంగ్మూలం కూడా ఇచ్చేస్తాను.

ఆ రోజు హోటల్ అన్న క్యాను నింపి, నా మొహం చూసి జాలిపడి, రెండు వేడి వడలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. మా మెట్ల మీద కూర్చుని, క్యాను మూత తీసి, ముంచుకుని తిన్నాను. ఒక్క వడ అంత సాంబారు తాగుతుందని మాకు బడిలో చెప్పలేదు. వడలు అయ్యాక... వట్టి సాంబారు కూడా తాగాను. చూస్తే క్యాను సగమే ఉంది.

కింద నల్లా తిప్పి, అంచు దాకా నీళ్లు పట్టి, మూత పెట్టి పైకి వెళ్లాను.

నీ నాలుకకు ఏం కాలేదు అత్తమ్మా. ఉప్పు నిజంగానే తక్కువ.