ముప్పై ఒక్క తలల ఫ్లెక్స్

మొన్న ఎన్నికల ఏడాది, ఫలితాలొచ్చిన పదిహేనో రోజు. రావులపాలెం అరటి మార్కెట్ దాటాక ఉన్న మా ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపుకి ఉదయం తొమ్మిదింటికి నలుగురు వచ్చారు. ఓడిపోయిన పార్టీ వాళ్ళు. పార్టీ పేరు చెప్పను. చెప్పకపోతే ప్రతివాళ్ళూ అది పక్క పార్టీ అనుకుని హాయిగా నవ్వుకుంటారు.

ఈ పనిలో నాకు ఇరవై రెండేళ్ళు. అంతకుముందు కుంచె పట్టుకుని గోడల మీద రాసేవాణ్ణి. ఫ్లెక్స్‌లో ఉండేవి రెండే: ఫోటోలు, మేటర్. మేటర్ అంటే అక్షరాలు. ఫోటోలు పెరిగితే మేటర్ తగ్గుతుంది. ఈ చిన్న సంగతి ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాను, ఒక్కరికీ ఎక్కలేదు. ఒకసారి ఒక పెళ్ళి ఫ్లెక్స్‌లో బాబాయిలు, మావయ్యలు, వాళ్ళ వియ్యంకులు ఎంతమంది చేరారంటే, పెళ్ళికొడుక్కి చోటు చాలక అతన్ని విడిగా ప్రింటు తీసి పక్క కరెంటు స్తంభానికి కట్టాల్సి వచ్చింది. నమ్మకపోతే ఆ స్తంభాన్నే అడగండి.

వచ్చిన నలుగురిలో పెద్దాయన సత్తిరాజు గారు. మండల అధ్యక్షుడు, చేపల చెరువులున్న మనిషి. ఇద్దరు ఆయన మాటకి తలూపడానికి వచ్చారు. నాలుగో మనిషి నాగమణి గారు. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి ఎన్నికలోనూ తన ఊళ్ళో బూత్ ఏజెంటుగా కూర్చున్నావిడ. ఆ బూత్‌లో పార్టీ ఓడిపోవడం ఇదే మొదటిసారి.

"సాయంత్రం నాలుగింటికి కల్యాణమండపంలో ఓటమి మీద సమీక్ష. రాష్ట్ర అధ్యక్షుల వారే వస్తున్నారు," అన్నారు సత్తిరాజు గారు. "స్టేజీ వెనకాల పన్నెండడుగుల ఫ్లెక్స్ కట్టాలి. మేటర్ ఒకటే. కొత్త నాయకత్వం కావాలి. మొహమ్మీదే చెప్పేద్దామని తీర్మానించేశాం."

నాకు ముచ్చటేసింది. కానీ నోరు అలవాటు మానదు కదా, వెంటనే అడిగేశాను: "పైన ఎవరి ఫోటో అండీ?"

ఆ ప్రశ్న అడిగింది నేనే. ఇప్పటికీ తలుచుకుని నన్ను నేనే తిట్టుకుంటాను.

"ఇంకెవరిదండీ, అధ్యక్షుల వారిదే."

"ఆయన్ని దిగిపొమ్మనే ఫ్లెక్స్ కదండీ ఇది?"

"దిగేదాకా ఆయనే కదా అధ్యక్షుడు! ఆయన ఫోటో లేకుండా పార్టీ ఫ్లెక్స్ ఏంటండీ? క్రమశిక్షణ ఉండాలా వద్దా?"

"సరే. నవ్వే ఫోటోనా, సీరియస్‌గా ఉన్నదా?"

"నవ్వేదే వెయ్యండి. లేకపోతే కించపరిచినట్టుంటుంది."

ఆయన తల నాలుగడుగులైంది. దాని కింద సత్తిరాజు గారి తల, జిల్లా వాళ్ళవి రెండు, తలూపే ఇద్దరివీ రెండు. అప్పటికి ఇంకా మేటర్ బాగానే కనబడుతోంది. నాగమణి గారి ఫోటో అడిగితే ఆవిడ వద్దన్నారు.

"నా మొహం ఎందుకండీ అన్నయ్య గారూ. మా వీధిలోకి డ్రైను నీళ్ళొచ్చి పది రోజులున్నాయి. పై వాళ్ళకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తిన నాథుడు లేడు. ఓట్లడగడానికెళ్తే ప్రతి గుమ్మంలోనూ అదే అడిగారు. రేపు పంచాయతీ ఎన్నికలకి మళ్ళీ ఆ గుమ్మాలే ఎక్కాలి నేను. ఇవాళ ఆయనకి ఈ మాట తెలియకుండా మీటింగు అయిపోతే, ఇంక ఎక్కను. ఆ మాట మాత్రం పెద్దగా వెయ్యండి, చాలు."

అలాగేనన్నాను. ఆ మాట నిలబెట్టుకోలేకపోయాను.

ఎవరో వాట్సాప్ గ్రూపులో చెప్పేశారు. పదింటి నుంచి తలలు రావడం మొదలైంది. కొత్త నాయకుడొచ్చాక 'ముందుగా ధైర్యం చేసిందెవరు' అని చూసుకుంటాడట. అప్పుడు తమ తల లేకపోతే ఎలా? ఒకాయన ఆధార్ కార్డు ఫోటో పంపాడు. ఒకాయన పెళ్ళి ఫోటో పంపి, పక్కనున్న భార్యని తీసెయ్యమన్నాడు. ఇంకొకాయన స్వయంగా వచ్చి తెర మీద స్కేలు పెట్టి కొలిచాడు.

"ఏవండీ, వాడి తల నా తలకన్నా అరంగుళం పెద్దదేంటి? నేను మాజీ ఎంపీటీసీని!"

"ఆయనది పుట్టుకతోనే పెద్దదండీ. నేనేం చెయ్యను?"

మధ్యాహ్నం ఒంటిగంటకి ముప్పై ఒక్క తలలు. గెలకి కాయల్లా వరసలు. మౌసు తిప్పి తిప్పి నా మణికట్టుకి జ్వరమొచ్చింది. వచ్చిన ప్రతి తలకీ మేటర్ కొంచెం కిందికి జరిగింది, కొంచెం సన్నబడింది. చివరికి అట్టడుగున, అంచు కుట్టుకి ఆనుకుని ఒక గీతలా మిగిలింది. "సత్తిరాజు గారూ, మాట కనబడదండీ" అని మూడుసార్లు చెప్పాను. "ఉంది కదా, అదే పదివేలు," అన్నారాయన. అప్పుడైనా ప్రింటు ఆపాల్సింది. ఆపలేదు. మిషన్‌కిచ్చేశాను.

మూడున్నరకి నేనే వెళ్ళి ఐలెట్లకి, అంటే అంచున ఉండే ఇత్తడి రింగులకి, తాళ్ళేసి కట్టాను. సరిగ్గా ఆ అట్టడుగు గీత ముందు ఎవరో నాలుగు పెద్ద సోఫా కుర్చీలు వేశారు. మేటర్ మాయం. మిగిలింది నవ్వుతున్న నాలుగడుగుల తల, దాని చుట్టూ ముప్పై తలలు.

అధ్యక్షుల వారు వచ్చారు. స్టేజీ ఎక్కి ఫ్లెక్స్ వైపు చూశారు. కళ్ళు తుడుచుకుని మైకు పట్టుకున్నారు.

"నిజం చెబుతున్నాను. రాజీనామా చేద్దామనే ఇవాళ బయల్దేరాను. లెటరు జేబులోనే ఉంది. కానీ ఇక్కడికొచ్చి మీ అభిమానం చూశాక..."

లెటరు తీసి మడతపెట్టి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. హాలంతా చప్పట్లు. సత్తిరాజు గారైతే అరిచేతులు కందిపోయేలా కొట్టారు. స్తంభం చాటున నిలబడ్డ నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పొద్దున్నుంచీ ఆయన్ని పంపడానికి కష్టపడి, వెళ్ళిపోతున్న మనిషిని కూర్చోబెట్టిన ఫ్లెక్స్ ప్రపంచంలో ఇదొక్కటే అయ్యుంటుంది. వేసింది నేను.

అప్పుడు మూడో వరసలోంచి నాగమణి గారు లేచారు.

"అయ్యా, మీ కుర్చీ కాస్త పక్కకి జరపండి. వెనకాల రాసుందండి."

చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో నాలుగు కుర్చీలూ జరిపారు. అధ్యక్షుల వారు కళ్ళజోడు పెట్టుకుని, వంగి, నడుం మీద చెయ్యేసుకుని చదివారు. చదివింది మూడు ముక్కలే. లేవడానికి చాలాసేపు పట్టింది.

"ఎవరు వేయించారిది?"

కింద కూర్చున్న ముప్పై తలలూ ఒక్కసారి నావైపు తిరిగాయి.

"డిజైను ఆయనదేనండి," అన్నారు సత్తిరాజు గారు, నన్ను చూపిస్తూ. "మేం ఫోటోలు మాత్రం ఇచ్చామండి."

నేను నోరు తెరిచేలోగా నాగమణి గారే అన్నారు: "నేను వేయించానండి."

ఆయన ఫ్లెక్స్ మీద వెతికారు. "మరి నీ ఫోటో ఏదమ్మా?"

"లేదండి. ఆ మాటకి చోటుండాలని ఇవ్వలేదండి. అయినా మిగల్లేదు."

ఆవిడ అక్కడితో ఆగలేదు. డ్రైను నీళ్ళ సంగతి, ఎత్తని ఫోన్ల సంగతి గుమ్మం గుమ్మం లెక్కన చెప్పారు. ఆయన విన్నారు. చివర్లో "పరిశీలిద్దాం" అని కారెక్కారు. లెటరు మాత్రం జేబులోనే ఉంది.

మర్నాడు ఉదయం ఏడింటికే నా ఫోన్ మోగడం మొదలైంది. రాత్రికి రాత్రే ఫ్లెక్స్ ఫోటో జిల్లా అంతా తిరిగిందట. ఆ అట్టడుగు గీతని ఎవరో దగ్గరికి లాగి మరీ తీశారట.

"ప్రసాద్ గారూ, ఫైల్లోంచి నా తల తీసెయ్యండి. తీసేసింది గ్రూపులో పెట్టండి. బాబ్బాబు!"

ఒకరి తర్వాత ఒకరు. అరంగుళం కోసం పోట్లాడిన మాజీ ఎంపీటీసీ గారు స్వయంగా వచ్చి, తన తల పోయేదాకా పక్కన నిలబడ్డారు. ఆఖరికి సత్తిరాజు గారు.

"మావన్నీ తీసేసి ఆయనదొక్కటే ఉంచితే బావుండదు. అదీ తీసెయ్యండి."

"ఆయ్. మేటర్ కూడా తీసెయ్యమంటారా?"

ఆయన తెర మీంచి మొహం పక్కకి తిప్పుకున్నారు. "అది... ఉంటే ఉండనివ్వండి. నేను చూడలేదనుకోండి," అని వెళ్ళిపోయారు.

ఖాళీ అయిన పన్నెండడుగుల్లో ఆ గీతని పట్టుకుని లాగాను. ఎంత లాగితే అంత పెరిగింది. కొత్త నాయకత్వం కావాలి. ప్రింటులో ఒక్కో అక్షరం నా నడుమెత్తు ఉంటుంది. ముందురోజు ఇచ్చిన మాట అలా తీరింది. నాగమణి గారికి కబురు పెడితే వచ్చి చూశారు.

"ప్రింటు తియ్యండి. మా వీధి మొదట్లో, మా గోడకే కడతాను."

"పేరు వెయ్యమంటారా? రేపు ఇదెవరు కట్టారని అడుగుతారండీ."

"అడగాలనే కదండీ. కింద చిన్నగా వెయ్యండి, నాగమణి అని."

ఆ ఫ్లెక్స్ ఎండకి వెలిసినా ఇప్పటికీ ఆ గోడ మీదే ఉంది. అధ్యక్షుల వారూ ఉన్నారు. కానీ పంచాయతీ ఎన్నికలకి ఆ గుమ్మాలెక్కుతానని ఆవిడ చెప్పారు. ఎక్కి ఏం చెబుతారని అడిగితే, గోడ వైపు చూపించారు.

ఈ ఫ్లెక్స్ తర్వాత నేను ఒకటి మార్చుకున్నాను. ఎవరొచ్చినా మొదట 'ఎవరి ఫోటో' అని అడగడం మానేసి, "మేటర్ ఏంటండీ?" అంటున్నాను. నిన్న సత్తిరాజు గారు వచ్చినప్పుడూ అదే అడిగాను.

"అది మీరే ఏదో ఒకటి రాసెయ్యండి ప్రసాద్ గారూ," అన్నారు ఫోన్ తీస్తూ. "ముందు ఈ ఫోటో చూడండి, బాగా వచ్చానా?"