పావుగంట కచేరీకి నా వందన సమర్పణ

గంటన్నర కచేరీ అని చెప్పి టీవీవాళ్ళు పావుగంటలో ముగించేశారు. ఇంత మోసం నా జన్మలో చూడలేదని పాలకొల్లులో కనబడిన ప్రతివాడికీ చెప్పాను. చెప్పి ఊరుకుంటే పరువు దక్కేది. ఉత్తరం కూడా రాయించాను. అక్కడ మునిగిందండి నా కొంప!

నేను అయిదో తరగతి గట్టెక్కలేదు. నాకున్న సంగీతమంతా పందిరి రాట పట్టుకుని వెనక నిలబడి విన్నదే. మా మనవరాలు శ్రావణికి అప్పుడు తొమ్మిదేళ్ళు. డీజే పెట్టెలు తప్ప వేరే సంగీతం ఎరగదు. ఆ పిల్ల చెవిలో ఒక్కసారైనా మంచి వాద్యం పడాలని నా ఆరాటం. అందుకే మూడేళ్ళ కిందట ఓ ఛానెల్లో విదేశీ ఆర్కెస్ట్రా వేస్తారని తెలిసి, దాన్నీ, వీధిలో మరో అరడజను పిల్లల్నీ టీవీ ముందు చాప మీద కూలేశాను.

ఎనభైమంది వాద్యగాళ్ళండి! వయొలిన్ కమానులన్నీ ఒక్కసారి లేచి ఒక్కసారి వాలుతుంటే, చేలో వరసగా నాట్లేసే చేతులు గుర్తొచ్చాయి. ఒక్క చెయ్యి తప్పలేదు. మా వీధి కమిటీలో అయిదుగురు ఒక మాట మీద నిలబడ్డం నేనింతవరకూ చూడలేదు! పక్కకి చూద్దును కదా, నిమిషమైనా కుదురుగా కూర్చోని శ్రావణి నోరు తెరుచుకుని వింటోంది. నా కళ్ళు చెమర్చాయి.

ఇంతలో వాద్యం ఆగింది. హాల్లో చప్పట్లు లేవు, దగ్గులే.

"చూశార్రా! అంత గొప్పగా వాయిస్తే ఒక్కడూ చప్పట్లు కొట్టడే! మర్యాద తెలీని జనం!" అంటూ లేచాను.

"తాతయ్యా, వాళ్ళింకా కూర్చునే ఉన్నారు," అంది శ్రావణి.

"వందన సమర్పణ అవకుండా ఎలా లేస్తారే?"

మీకు తెలీదేమో, నలభయ్యేళ్ళుగా మా చుట్టుపక్కల ఏ సభ జరిగినా వందన సమర్పణ నాదే. అది అయ్యేదాకా ఎవర్నీ కదలనివ్వను. అలవాటు కొద్దీ టీవీకి అడ్డంగా నిలబడి, వాద్యగాళ్ళ ముందు నిలబడి కర్ర తిప్పినాయన మొదలు కరెంటువాళ్ళ దాకా వరసపెట్టి కృతజ్ఞతలు చెప్పి, పిల్లల చేత చప్పట్లు కొట్టించి, టీవీ కట్టేశాను.

"ఇంకా ఉందేమో తాతయ్యా..."

"నాకు చెబుతావేంటే? నేను విన్నన్ని కచేరీలు నువ్వు ఇడ్లీలు కూడా తినలేదు!"

మర్నాడే ఛానెల్‌కి ఉత్తరం చెప్పాను, శ్రావణి ఫోన్లో కొట్టి పంపింది. "మీరు చేయాల్సిన వందన సమర్పణ నేను చేయాల్సి వచ్చింది," అని దెప్పాను కూడా. ఆ పిల్ల కింద సొంతంగా ఓ ముక్క కలిపిందని నాకేం తెలుసు?

ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. వాద్యగాళ్ళు వాద్యాలు పెట్టెల్లో పెట్టి, హాలుకి తాళం వేసి, ఇళ్ళకెళ్ళి భోంచేశారని రూఢి అయ్యేదాకా నా నోట కృతజ్ఞత అన్న మాట రాదు. ఎందుకంటే వారం తిరక్కుండా వచ్చిన జవాబుని శ్రావణి నవ్వాపుకుంటూ ఇలా చదివింది:

"అయ్యా, కచేరీ ముగియలేదండి. మొదటి భాగమయ్యాక వాళ్ళు ఊపిరి తీసుకున్నారంతే. తరవాత ఇంకా మూడు భాగాలు వాయించారు. భాగాల మధ్య చప్పట్లు కొట్టకపోవడమే అక్కడి మర్యాద. 'తాతయ్య టీవీ కట్టేశాడు, మిగతాది వినాలని ఉంది' అని కింద రాసిన పాపకి: ఆదివారం ఉదయం మళ్ళీ వేస్తున్నాం. రిమోట్ నీ దగ్గరే ఉంచుకోమ్మా. తాతగారి వందనాలు మాకు ముందే అందాయి."