పంతులుగారి హెల్మెట్‌కి నేను చేసిన ఆల్టరేషన్

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే జుట్టు కొంచెమైనా నెరవాలంటుంది మా అమ్మ. నాకింకా నెరవలేదు. కానీ బెజవాడలో హెల్మెట్ తల మీద తప్ప మిగతా అన్నిచోట్లా కనిపించిన కాలాన్ని కళ్లారా చూసినదాన్ని కాబట్టి ఆ హక్కు నాకుందనే అనుకుంటున్నాను. కొందరు దాన్ని మోచేతికి తగిలించుకునేవారు, కొందరు బండి అద్దానికి వేలాడదీసేవారు, ఇంకొందరు కాళ్ల దగ్గర వెల్లకిలా పెట్టుకుని అందులో అరకిలో వంకాయలు ఇంటికి మోసుకెళ్లేవారు. దూరంగా పోలీసు కనిపిస్తేనే అది తలకెక్కేది. అలాంటి ఊళ్లో హెల్మెట్ల షాపులో పనికి చేరి మూడు నెలల్లో పేరు తెచ్చుకున్నదాన్ని నేను. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. గొప్పలే, కాకపోతే మొత్తం విన్నాక ఏమనుకోవాలో మీరే అనుకుందురుగాని.

మాది కంకిపాడు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. నేను డిగ్రీ పూర్తి చేసి, బ్యాంకు పరీక్ష రాసి, ఫలితాల కోసం ఊరికే కూర్చోవడం ఎందుకని గవర్నర్‌పేటలో మా మామయ్య (అమ్మకి అన్నయ్య) షాపులో చేరాను. బండికి తొడగాల్సినవీ, బండెక్కేవాళ్లు తొడుక్కోవాల్సినవీ అన్నీ అక్కడ దొరికేవి: సీటు కవర్లు, శారీ గార్డులు, హ్యాండిల్ గ్రిప్పులు, గ్లౌజులు, రెయిన్‌కోట్లు, గోడ నిండా హెల్మెట్లు. నన్ను కౌంటర్లో కూర్చుని బిల్లులు రాయమన్నారు. నేను రెండో రోజే కుట్టుమిషన్ తెప్పించుకున్నాను. సీటు కవరు వదులుగా ఉందంటే పక్కన ఒక కుట్టు వేసేదాన్ని, బిగుతుగా ఉందంటే విప్పేదాన్ని. జాకెట్లు కుట్టే ఇంట్లో పుట్టడం వల్ల నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో కుదరని వస్తువంటూ ఏదీ లేదు, ఆల్టర్ చేయడం చేతకాని మనుషులే ఉన్నారని. చుట్టుపక్కల షాపులవాళ్లు 'మీ ఆల్టరేషన్ అమ్మాయి ఉందా?' అని అడుగుతూ వస్తుంటే నా నడకే మారిపోయింది.

అలా మారిన నడకతో నేను తిరుగుతున్న రోజుల్లోనే పంతులుగారు వచ్చారు. కంకిపాడు, ఉయ్యూరు చుట్టుపక్కల పెళ్లిళ్లు, వ్రతాలు చేయించే పెద్దాయన. పంచె ఎగ్గట్టి, పాత స్కూటర్ మీద రోజుకి మూడు ఊళ్లు తిరుగుతారు. అప్పటికి మామయ్య సరుకు కోసం చెన్నై వెళ్లాడు, షాపు మొత్తం నా చేతుల్లో ఉంది (నా పతనానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఏ పంతులుగారూ పెట్టలేరు).

"అమ్మాయ్, ఏడు షాపులు తిరిగొచ్చా. నా తలకి పట్టే హెల్మెట్ ఈ ఊళ్లో లేదంటున్నారు. మా ఇంటావిడేమో హెల్మెట్ కొనందే గడప దాటనివ్వనంటోంది" అన్నారు.

ఆయన తల మామూలు తలే. సమస్యంతా నడినెత్తిన ఉన్న పిలక ముడి. ఏ హెల్మెట్ పెట్టినా ఆ ముడి మీదే ఆగిపోయి, గిన్నెకి సరిపడని మూతలా అటూ ఇటూ ఊగుతోంది. అంతకంటే పెద్ద సైజు పెడితే ముక్కు దాకా జారుతోంది. ఏడు షాపులవాళ్లూ ఇక్కడే చేతులెత్తేశారన్నమాట. నేను ఎత్తలేదు. "సాయంత్రం రండి పంతులుగారూ, మీ తలకి కుట్టినట్టు చేసిస్తాను" అన్నాను. 'కుట్టినట్టు' అన్న మాట ఆయనకెంత నచ్చిందో, నా బ్యాంకు పరీక్ష సంగతి అడిగి తెలుసుకుని, ఉద్యోగం వస్తుందని అక్కడికక్కడే ఆశీర్వదించారు.

నేను చేసిన పని ఇది. హెల్మెట్ లోపలి మెత్త ఊడదీశాను. దాని వెనక తెల్లగా, అంగుళం మందాన థర్మోకోల్ ఉంది. టీవీ కొంటే అట్టపెట్టెలో వచ్చేది కూడా అదే కదా, టీవీ తీసుకుని దాన్ని అవతల పారేస్తాం కదా అనుకున్నాను. షాపు వెనక టీ కాచుకునే స్టవ్ మీద గరిటె ఎర్రగా కాల్చి, సరిగ్గా ముడి వచ్చే చోట థర్మోకోల్‌ని పైడొప్ప తగిలేదాకా కరిగించి గుంట చేశాను. గది నిండా కంపు. గుంట మాత్రం అరనిమ్మకాయ ఇమిడేలా ఎంతో అందంగా వచ్చింది. పైన పట్టుగుడ్డ కూడా వేసి కుట్టాను. సాయంత్రం పంతులుగారు పెట్టుకుంటే ముడి వెళ్లి గుంటలో కూర్చుంది, హెల్మెట్ వెళ్లి తల మీద కూర్చుంది. ఆయన అద్దం ముందు తల ఇటు తిప్పి, అటు తిప్పి, "ఓహో!" అన్నారు. మర్నాడు ఫోన్ చేసి, తోటి పురోహితులు నలుగురికి కూడా అలాంటివే కావాలన్నారు. నేను ఆ పూటే గరిటె మళ్లీ స్టవ్ మీద పెట్టాను.

మూడో రోజు పొద్దున్న మామయ్య వచ్చాడు. చెప్పుల పట్టీ కూడా విప్పకముందే నా ఘనకార్యం మొత్తం చెప్పేశాను. మెచ్చుకుంటాడని చూస్తుంటే, మామయ్య బల్ల మీదున్న రెండో హెల్మెట్ తీసుకుని లోపల వేలు పెట్టాడు. వేలు గుంటలో ఆగింది. మామయ్య మొహంలో రంగు పోయింది. స్టూలెక్కి, పై అరలో గుడ్డసంచిలో ఉన్న ఒక హెల్మెట్ దింపాడు. అన్నాళ్లూ అది అమ్ముడుపోని పాత సరుకనే నేననుకున్నాను. పైన ఒక వైపంతా గీరుకుపోయింది. లోపల థర్మోకోల్ ఒకచోట చపాతీలా నలిగి, నెర్రెలు బారి ఉంది.

"ఇది నాదే. ఉయ్యూరు రోడ్డులో కల్వర్టు దగ్గర పడ్డానే, ఆ రోజుది. ఈ తెల్లది నలిగింది చూశావా? ఇది నలిగింది గనకే నా తల నలగలేదు. పైనుండేది ఉత్త డొప్పే. హెల్మెట్ అంటే ఇదే. నువ్వు ఆయన నడినెత్తి మీద ఇదే లేకుండా చేశావ్."

నవ్వులాటగా చెబుతున్నాను గానీ, ఆ క్షణం ఇప్పటికీ నాకు నవ్వులాట కాదు. చెరకు లారీలు తిరిగే రోడ్డు మీద ఆ పెద్దాయన నన్ను నమ్మి, నా పట్టుగుడ్డ కింద ఏమీ లేని హెల్మెట్‌తో తిరుగుతున్నారు. అసలే లేకపోతే జాగ్రత్తగానైనా నడుపుతారేమో, ఉందన్న ధీమాతో కాస్త జోరుగా కూడా పోతుండొచ్చు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఇంటికి చేస్తే, ఉయ్యూరులో పెళ్లి చేయిస్తున్నారనీ, అటునుంచి అటే ఇంకో ఊళ్లో వ్రతానికి వెళ్తారనీ వాళ్లావిడ చెప్పింది.

"నువ్వు కుట్టావ్, నువ్వే వెళ్లి విప్పిరా. మళ్లీ బండెక్కేలోపు అందుకో" అని మామయ్య తన స్కూటీ తాళాలూ, ఒక కొత్త హెల్మెట్టూ నా చేతిలో పెట్టాడు.

కంకిపాడు దాటేదాకా భయంతోనే నడిపాను. దాటాక నా పాత గుణం తిరిగొచ్చింది. ఆయనకి అసలు చెప్పడం దేనికి? హెల్మెట్ ఎలాగూ స్కూటర్ అద్దానికే వేలాడుతుంటుంది. కొత్తది తగిలించి పాతది పట్టుకొస్తే సరి, పరువూ దక్కుతుంది, తలా దక్కుతుంది అనుకున్నాను. (కొత్తది ఆయన ముడికి పట్టదన్న సంగతి ఆ తెలివితేటల్లో గుర్తే రాలేదు.) కల్యాణమండపం బయట స్కూటర్ కనిపించింది. అనుకున్నట్టే అద్దానికి నా కళాఖండం వేలాడుతోంది. కొత్తది తగిలించి, పాతది చంకన పెట్టుకుని రెండడుగులు వేశానో లేదో, ఎవరో నా దారికి అడ్డంగా నిలబడ్డారు. పెళ్లికూతురి పెదనాన్నట.

"ఏవమ్మా, చూస్తే చదువుకున్న పిల్లలా ఉన్నావ్. పెళ్లికొచ్చి హెల్మెట్లు ఎత్తుకుపోతావా?"

"ఎత్తుకుపోవట్లేదండీ. కొత్తది పెట్టి పాతది తీసుకెళ్తున్నా."

"కొత్తది పెట్టి పాతది పట్టుకెళ్లే దొంగని నా జన్మలో చూళ్లేదు. పద, పంతులుగారి ముందరే తేల్చుకుందాం" అని నన్ను తిన్నగా పీటల దగ్గరికి నడిపించాడు.

ముహూర్తం ఇంకా ఐదారు నిమిషాలుంది. పంతులుగారి ముందు మైకు ఉంది. ఆయన మంత్రం ఆపకుండానే కళ్లతో ఏమిటన్నట్టు అడిగారు. పెదనాన్నగారు చెప్పేలోపు నేనే అందుకున్నాను. అప్పటిదాకా అడ్డుపడ్డ పరువు ఆ పెద్దాయన మొహం చూడగానే ఎటు పోయిందో తెలియదు. మైకు ఉందన్న ధ్యాసే లేకుండా, "పంతులుగారూ, ఆ హెల్మెట్ పెట్టుకోకండి, పడితే మీ తల పగిలి..." అన్నాను. నా గొంతు మండపం నాలుగు మూలలా వినిపించింది.

పెళ్లిపీటల దగ్గర అలాంటి మాట పలికితే ఏం చేయాలో పంతులుగారికి తెలుసు. మిగతాది ఎవరి చెవినా పడకుండా చెయ్యెత్తి, "గట్టిమేళం!" అని కేక పెట్టారు. సన్నాయి, డోలు ఒక్కసారిగా అందుకున్నాయి. గట్టిమేళం అంటే జనానికి తెలిసింది ఒకటే. భోజనాల వైపు వెళ్లినవాళ్లు కూడా పరుగున వచ్చి అక్షింతలు విసిరారు. పెళ్లికొడుకు తాళి తీసుకుని లేచి నిలబడ్డాడు.

"కూర్చో నాయనా, కూర్చో! అది నీక్కాదు!" అన్నారు పంతులుగారు.

మేళం ఆగింది. ఈసారి జాగ్రత్తగా చెబుదామని, "అది కాదండీ, లోపల థర్మోకోల్ నేను తీసేశాను, రోడ్డు మీద ప్రాణం..." అన్నాను. మళ్లీ గట్టిమేళం. మళ్లీ అక్షింతలు. సగం నా నెత్తినే పడ్డాయి. పెళ్లికొడుకు లేవబోయి, పంతులుగారి చూపు చూసి కూలబడ్డాడు. పెళ్లికూతురు తలదించుకునే ఉంది కానీ, నవ్వాపుకోలేక ఆమె భుజాలు ఊగడం నాకు స్పష్టంగా కనిపించింది. డోలాయన మాత్రం నేను నోరు తెరిచినప్పుడల్లా కర్ర ఎత్తి సిద్ధంగా ఉన్నాడు. చివరికి పంతులుగారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, "తల్లీ, తాళి కట్టనియ్యి. నా తల ఎక్కడికీ పోదు, ఆ మూలన కూర్చో" అన్నారు. వెళ్లి కూర్చున్నాను, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని. అసలు గట్టిమేళం మోగినప్పుడు ఎవరి దగ్గరా అక్షింతలు మిగల్లేదు.

పెళ్లయ్యాక ఆయన నా దగ్గరికొచ్చి కూర్చున్నారు. గరిటె దగ్గరనుంచి అంతా చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. తిడతారనుకున్నాను. ఆయన కొత్త హెల్మెట్ తెప్పించి తల మీద పెట్టుకున్నారు. అది ముడి మీద ఆగి ఊగింది.

"ఇప్పుడు దీనికి అడ్డమేంటి?"

"మీ పిలక ముడండీ."

ఆయన చెయ్యి పైకెత్తి ఒక్క లాగు లాగారు. ముడి విడిపోయి నాలుగు వెంట్రుకలు మెడ మీదికి జారాయి. హెల్మెట్ చక్కగా కిందికి దిగి కూర్చుంది.

"ఇంతేనా? ప్రయాణంలో విప్పుకుంటా, దిగాక ముడేసుకుంటా. మొదటిరోజే చెబితే అప్పుడే విప్పేవాణ్ణి గదమ్మా. నన్నొక్క మాట అడగలేదేం?"

అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. వస్తువు కుదరకపోతే వస్తువుని కోయడమే నాకు తెలుసు, మనిషిని అడగడం తెలియదు. ఆయన బెల్టు బిగించుకుని, పంచె ఎగ్గట్టి వ్రతానికి బయల్దేరారు. స్కూటర్ వంతెన దాటేదాకా అక్కడే నిలబడి చూశాను.

షాపుకి రాగానే మామయ్య నా చేతికి సుత్తి ఇచ్చాడు. అలాంటి హెల్మెట్ పొరపాటున కూడా ఇంకొకరి తలకెక్కకూడదు, నువ్వే పగలగొట్టు అన్నాడు. పక్కవైపు కొట్టాను, సుత్తి ఎగిరొచ్చింది. గుంట ఉన్నచోట కొట్టాను. రెండో దెబ్బకి డొప్ప పగిలి సుత్తి లోపలికి దిగింది, నా పట్టుగుడ్డ చినిగింది. బల్ల మీదున్న రెండో హెల్మెట్ కూడా తెచ్చి అలాగే పగలగొట్టాను.

బ్యాంకు ఉద్యోగం రాలేదు. ఇప్పుడు షాపు నేనే నడుపుతున్నాను. హెల్మెట్ బిగుతుగా ఉంది, కొంచెం చెక్కివ్వమని అడిగేవాళ్లు ఈనాటికీ వస్తారు. 'కుదరదండీ' అంటాను, తల కొలిచి వేరేది ఇస్తాను, జుట్టెలా ముడుస్తారో కూడా అడుగుతాను. ఆ మూడు నెలల్లో 'కుదరదు' అన్న మాట నా నోట ఒక్కసారీ రాలేదు. ఎర్రగా కాలిన గరిటె పట్టుకుని, ప్రపంచం మీద ఏ అనుమానమూ లేకుండా నిలబడ్డ ఆ అమ్మాయి ఇవాళ ఎదురొస్తే కౌంటర్ దాటి లోపలికి అడుగు పెట్టనివ్వను. కానీ బయట కుర్చీ వేసి, టీ తెప్పించి, షాపు కట్టేసేదాకా కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పించుకుంటాను. అంత ధీమాగా మాట్లాడే మనిషిని చూసి చాలా రోజులైంది.