మంచినీళ్లు నింపిన రెండు సీసాలు

పరిశోధన పవిత్రమైనదని నేనెప్పుడూ అనలేదు. పవిత్రత అనే మాటే నాకు గిట్టదు. అది నిజాయితీగల కొలత అని మాత్రం నమ్మాను. ఆ నమ్మకం నాకిచ్చిన మనిషే దాన్ని చేతులారా చంపాడు.

ఆయన మాకు రసాయనశాస్త్రం చెప్పిన మాస్టారు. ఆదివారం ఉదయాల్లో బెజవాడలో ఒక గ్రంథాలయం పై గదిలో చర్చలు పెట్టేవారు. బాబాలు, వాస్తు, ముహూర్తాలు, కులం, దేన్నీ వదిలేవారు కాదు. "ఎవరు చెప్పారని కాదు, వాళ్లకెలా తెలిసిందో అడగండి" అనేవారు. మా ఇంట్లో వాళ్లతో, చుట్టాలతో ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఎన్ని తగాదాలు పడ్డానో లెక్కలేదు.

తొంభైల మధ్యలో నేను బెజవాడలోనే ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ ఆయన దగ్గర ఎం.ఫిల్.కు చేరాను. విశ్వవిద్యాలయాలు ప్రభుత్వం వైపు చెయ్యి చాచడం మానాలి, కంపెనీల దగ్గరికి వెళ్లి ప్రాజెక్టులు తెచ్చుకోవాలి అన్న వాదం అప్పుడు జోరుగా ఉండేది. ఒక సదస్సులో మాస్టారు దాన్ని చీల్చి చెండాడారు. "డబ్బిచ్చినవాడు ముందు ఏ ప్రశ్న అడగాలో చెబుతాడు. తర్వాత ఏ జవాబు రావాలో కూడా చెబుతాడు" అన్నారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే.

నా పరిశోధన బావుల మీద. చల్లపల్లి అవతల ఒక ఊళ్లో వరిచేలను ఉప్పునీటి రొయ్యల చెరువులు చేశారు. చెరువులు ఇళ్ల దాకా వచ్చేసరికి బావుల్లో నీళ్లు ఉప్పగా మారాయి. చెరువుల్ని ఇళ్లకు దూరంగా జరిపించమని ఊరివాళ్లు అర్జీ పెట్టుకున్నారు. బావుల్లోకి ఉప్పు చెరువుల నుంచే వస్తోందా లేదా తేల్చమని రెవెన్యూ అధికారి విశ్వవిద్యాలయంలో మా రసాయనశాస్త్ర శాఖను అడిగాడు. ఆ పని మాస్టారు నాకు అప్పగించారు.

నెలకో ఆదివారం సంచీ నిండా సీసాలతో బస్సెక్కేవాణ్ణి. ఒకసారి తిరిగొచ్చేటప్పుడు కంకిపాడు దాటాక కండక్టరు సంచీ తడిమి చూశాడు.

"ఏంటండీ సారూ, తీర్థమా?"

"బావి నీళ్లండీ."

"బావి నీళ్లు బెజవాడ తీసుకెళ్తన్నారా? కృష్ణ ఎండిపోయిందాండీ అక్కడ?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఊళ్లో అన్నిటికంటే చెరువుకు దగ్గరున్న బావి ఒక పెద్దావిడ పెరట్లోది. భర్త పోయాక రెండు గేదెలతో నెట్టుకొస్తోంది. ఆమెను పిన్నిగారూ అనేవాణ్ణి. చేద ఆమె తెచ్చేది, నేను తోడేవాణ్ణి. సీసా మీద ఇంటిపేరు, తేదీ రాసి మూత బిగించేవాణ్ణి. "మా గేదెలే ముట్టట్లేదు బాబూ ఈ నీళ్లు. నీకెందుకయ్యా ఇంత ముచ్చట?" అనేది. ఎనిమిది నెలలు ఇలా సాగింది. నెలనెలా ఉప్పు పెరిగింది. నా పట్టికలో అంత స్పష్టంగా ఉన్న వరుస అదొక్కటే.

తర్వాత కాలేజీలో పరీక్షలు వచ్చాయి. ఊళ్లో ఎక్కువసేపు ఉండే తీరిక లేక, ఖాళీ సీసాలు ముందుగా ఆమెకిచ్చి, నింపి ఉంచమన్నాను. అలా తెచ్చిన రెండు నెలల సీసాల్లోనూ ఉప్పు దాదాపు లేదు. పరీక్ష మూడుసార్లు చేసి చూశాను. తేడా రాలేదు. బస్సెక్కి వెళ్లి ఆమెనే అడిగాను.

ఆమె తల వంచుకుంది. "కాలవ గట్టు బావి నుంచి మోసుకొచ్చి పోశాను బాబూ."

"ఎందుకండీ?"

"సీసా మీద మా ఇంటిపేరు రాస్తివి. బెజవాడలో పెద్దపెద్దోళ్లు చూస్తారంటివి. మా ఇంటి పేరు పెట్టి ఆ ఉప్పునీళ్లు ఎట్టా పంపుతాను? ఇంటికొచ్చినోళ్లకి మంచినీళ్లివ్వడం కూడా రాదనుకోరూ?"

నాకు కోపం రాలేదు. అతిథికి చెడ్డ నీళ్లిస్తే పరువు పోతుందనుకునే మనిషి చేతికి సీసా ఇచ్చింది నేను. తప్పు నా పద్ధతిలో ఉంది.

మర్నాడే మాస్టారి గదికి వెళ్లాను. అక్కడ లవణాలు కొలిచే కొత్త యంత్రం ఒకటి ఉంది. దాని మీద రొయ్యల మేత తయారుచేసే ఒక కంపెనీ పేరున్న రేకు బిగించి ఉంది. నేను దాన్నే చూస్తుంటే ఆయన నవ్వారు. "యంత్రానికి కులం, మతం ఉండవోయ్. ఎవడిచ్చినా కొలత కొలతే." ఆ మాట విని నా మనసు కుదుటపడింది. అంత వెర్రివాణ్ణి. జరిగిందంతా చెప్పి, ఆ రెండు నెలల్నీ కొట్టేసి, కారణం రాసి, నేను స్వయంగా తోడిన ఎనిమిది నెలల ఫలితాల్ని నివేదికలో పెడదామన్నాను. ఆయన నా భుజం తట్టారు. "లోపం దాచనివాడే శాస్త్రజ్ఞుడు" అన్నారు.

విచారణ నాడు రెవెన్యూ కార్యాలయంలో ఒకవైపు చెరువుల యజమానులు, ఒకవైపు ఊరివాళ్లు కూర్చున్నారు. వాళ్లలో ఆ పెద్దావిడ కూడా ఉంది. అధికారి మాస్టారు రాసిచ్చిన నివేదికలో చివరి వాక్యం చదివాడు. "నమూనాల సేకరణలో గృహస్థుల జోక్యం ఉన్నట్లు పరిశోధకుడే అంగీకరించినందున, ఈ ఫలితాలను వేటినీ ప్రమాణంగా తీసుకోలేము."

నేను లేచి నిలబడ్డాను. "ఎనిమిది నెలల సీసాలు నా చేత్తో నింపానండీ. వాటికీ ఆ జోక్యానికీ సంబంధం లేదు."

అధికారి తన పక్కనే కూర్చున్న మాస్టారి వైపు చూశాడు. ఆయన చిరునవ్వుతో, "మావాడు కాస్త ఆవేశపరుడండీ. మనిషి మంచివాడే" అన్నారు. అధికారి కాగితాలు మూశాడు. "చెప్పాల్సింది మీ గైడుగారి ద్వారా రాసి పంపండి" అన్నాడు. అర్జీ కొట్టేశారు.

వరండాలో మాస్టారిని ఆపాను. "నా పట్టిక తప్పా మాస్టారూ?"

"తప్పని ఎక్కడ రాశానోయ్? ప్రమాణం కాదన్నాను."

"మిగతా ఎనిమిది నెలలూ ప్రమాణం కాదని మీకెలా తెలిసింది?"

ఆయన నేర్పిన ప్రశ్నే అడిగాను. వాచీ చూసుకుని మెట్లు దిగిపోయారు.

బాబాలను నేను చాలామందిని చూశాను. వాళ్లు అబద్ధాన్ని అబద్ధంతోనే నిలబెడతారు. ఈయన నిజాన్ని చంపడానికి నా నిజాయితీనే వాడుకున్నారు. విజ్ఞానం వ్యాపారానికి దగ్గర కావాలని ఇప్పటికీ ఉపన్యాసాలిచ్చేవాళ్లను నేను అడిగేది ఒకటే. కంపెనీ ఇష్టపడని అంకె వచ్చిన రోజున దాని పక్కన ఎవరు నిలబడతారు?

మెట్ల దగ్గర ఊరివాళ్లు పిన్నిగారి చుట్టూ మూగారు. "మర్యాదకు పోయి ఊరిని ముంచావ్ గదమ్మా" అన్నాడొకడు. ఆమె వాణ్ణి పట్టించుకోకుండా నా దగ్గరికొచ్చింది.

"నేను మంచినీళ్లు పోసిన సంగతి ఆయనకెవరు చెప్పారు బాబూ?"

"నేనే పిన్నిగారూ."

ఆమె కొంగు భుజాన కప్పుకుని ఊరివాళ్ల వెనకే బస్టాండు వైపు నడిచింది.

మాస్టారి దగ్గర చదువు వదిలేశాను. ఊరివాళ్లు మళ్లీ అర్జీ పెడితే పనికొస్తుందని, నెల తిరిగాక సీసాలు పట్టుకుని ఒక్కణ్ణే వెళ్లాను. ఆమె తలుపు తీసింది, పెరట్లోకి దారి చూపించింది. చేద మాత్రం తేలేదు. బావికి పది అడుగుల దూరంలో, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని నిలబడింది.

"నువ్వే తోడుకో బాబూ. నా చెయ్యి తగిలిందంటారు."