కర్టిస్ జుట్టు కోసం కాల్గరీకి

టొరంటో నుంచి కాల్గరీకి నేరుగా విమానం ఉంది. బుద్ధున్నవాళ్ళు అందులోనే వెళ్తారు. మేం మాత్రం ముందు ఎడ్మంటన్‌లో దిగి, అక్కణ్ణుంచి బస్సెక్కి దక్షిణానికి మూడున్నర గంటలు ప్రయాణం చేశాం. జూలైలో కాల్గరీ టికెట్ల ధరలు మండిపోతున్నాయి. చుట్టు తిరిగి వెళ్ళడం వల్ల ఇద్దరికీ కలిపి మూడు వందల డాలర్ల దాకా మిగిలాయి. ఓపిక ఉన్నవాళ్ళకి ఈ దారి పనికొస్తుంది. నాకు లేదు, అయినా వెళ్ళాను.

నాతో వచ్చింది మా సుశీల పిన్ని. వయసు డెబ్బై రెండు. టొరంటో పక్కనే మిస్సిసాగాలో, మా వీధి చివరే ఉంటుంది. రావు బాబాయ్‌కి మోకాలి ఆపరేషనై నెల కూడా కాలేదు కాబట్టి తోడు వెళ్ళే పని నా మెడకి చుట్టుకుంది.

ఎందుకు వెళ్ళామో ముందే చెప్పేస్తాను. ముప్పై ఏళ్ళకు పైమాట, పిన్నీ బాబాయ్ కాల్గరీలో ఉండేవాళ్ళు. అప్పుడక్కడ ఓ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ టీమ్ ఉండేది. ఆ లీగ్‌కి ఓ వింత రూలుంది. ఆరడుగుల ఐదంగుళాలు దాటినవాణ్ణి ఆడనివ్వరు. పొడుగైనవాళ్ళంతా పెద్ద లీగ్‌కి పోతే, మిగిలినవాళ్ళతో వేసవిలో సీజన్ నడిపేవాళ్ళు. టీమ్ దగ్గర డబ్బు అంతంతమాత్రం. అందుకని ఆటగాళ్ళని ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో ఉంచేవాళ్ళు. అలా పిన్ని వాళ్ళ బేస్‌మెంట్‌లోకి కర్టిస్ అనే అమెరికా కుర్రాడు వచ్చాడు.

కర్టిస్ ఎత్తు సరిగ్గా గీత మీదుంది. పైగా తలమీద జానెడు జుట్టు, పైన బల్లపరుపుగా కత్తిరించి ఉండేదిట. అప్పటి ఫ్యాషన్. కొలిచే రోజు పొద్దున్న, ఒళ్ళు కాస్త కుంగుతుందని ఎవరో చెబితే, బియ్యం బస్తా భుజాన వేసుకుని బేస్‌మెంట్ మెట్లు ఎక్కీ దిగీ చెమటలు కక్కాడు. పొయ్యి దగ్గరున్న పిన్నికి జాలేసి అప్పటికప్పుడు మొక్కేసుకుంది. స్వామీ, ఈ పిల్లాడు కొలతలో గట్టెక్కితే వాడి తలనీలాలు ఇప్పిస్తాను అని. అతను గట్టెక్కాడు. సాయంత్రం పిన్ని అసలు సంగతి చెబితే, నెత్తి తడుముకుని నవ్వి, సీజన్ అయ్యాక ఇస్తానన్నాడు.

ఆ ఏడు సీజన్ దాటింది, తర్వాతి సీజన్ మొదలైంది. ఇంకొక్కటి, ఇంకొక్కటి అని అతను వాయిదా వేస్తుంటే పిన్నీ ఊరుకుంది. రెండో వేసవి మధ్యలో లీగ్ మొత్తం ఓ పొద్దున్న మూతపడింది. కర్టిస్ జుట్టుతో సహా ఊరు వదిలి వెళ్ళిపోయాడు. ఆ శీతాకాలమే బాబాయ్ ఉద్యోగం పోయి వీళ్ళూ ఇటు వచ్చేశారు.

మామూలుగా అయితే నవ్వుకునే కథే. కానీ పిన్ని నవ్వదు. చెల్లించని ఆ మొక్కు వల్లే టీమ్ మునిగిందని ఆవిడ లోపల నమ్ముతోంది. మొన్న ఫేస్‌బుక్‌లో పాత ఆటగాళ్ళు అప్పుడు ఆగిపోయిన సీజన్ ఆఖరి ఆట ఆడడానికి కాల్గరీలో కలుస్తున్నారని చూసి నేను సరదాగా చూపించాను. అందులో కర్టిస్ పేరుంది. పిన్ని కళ్ళజోడు తీసి తుడుచుకుని, "టికెట్లు చూడరా శీనూ," అంది.

శుక్రవారం పొద్దున్న ఏడింటికి విమానం. పిన్నిది ఈ వయసులోనూ నడుం కిందికి దిగే జడ. దాన్ని చూసుకుని ఆవిడకి కాస్త గర్వం కూడా ఉంది. నూనె, చిక్కుదువ్వెన, పిన్నులు అన్నీ అయ్యేసరికి అరగంట. సెక్యూరిటీ దగ్గర ఆ పిన్నులకే మిషన్ మోగింది. అక్కడి అమ్మాయి జడ పట్టుకుని చూసి, "ఇట్స్ బ్యూటిఫుల్," అంది. మా వెనక క్యూ పెరుగుతున్నా పిన్ని తాపీగా కొబ్బరినూనె మహిమ చెప్పి వచ్చింది.

విమానంలో తిండి పెట్టరు, అమ్ముతారు. పన్నెండు డాలర్ల శాండ్‌విచ్ చూసి పిన్ని డబ్బా మూత తీసింది. మినప రొట్టె, అల్లప్పచ్చడి. వాసన నాలుగు వరసలు పాకింది. నేను తల దించుకున్నాను గానీ తినడం మానలేదు.

"కర్టిస్‌కి జుట్టు లేకపోతే ఏం చేస్తావు పిన్నీ?" అని అడిగాను. అరవైకి దగ్గర పడుతున్న మనిషి మరి.

"ఎందుకుండదు? అంత జుట్టు," అంది. రొట్టె తుంచుతూ, "ఆ టీమ్‌లో పిల్లలందరి నోటి దగ్గర కూడు తీశానురా. ఇంకొకళ్ళ తలమీద మొక్కే హక్కు నాకెక్కడిది," అంది. రొట్టె ముక్క ఇంకోటి తీసుకున్నాను.

తొమ్మిదింపావుకి ఎడ్మంటన్. టైం రెండు గంటలు వెనక్కి తిప్పుకోవాలి. ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్ళోకి ఐదు డాలర్ల సిటీ బస్సుంది, టాక్సీ జోలికి పోకండి. కాల్గరీ బస్సు పదకొండున్నరకి. టికెట్ డెబ్బై దాకా అయింది. సీట్లు బాగున్నాయి, టీ వాళ్ళే ఇస్తారు, వైఫై ఉందని రాసి ఉంటుంది గానీ ఉండదు.

మా పక్క సీట్లో ఓ అమ్మాయి కూచుంది. పిన్ని డబ్బా వాసనకి ఇటు తిరిగి, "ఆంటీ, మీరు తెలుగోళ్ళా?" అంది. పేరు మౌనిక, ఊరు కరీంనగర్. ఎడ్మంటన్‌లో చదువైపోయి ఓ ఆఫీసులో అకౌంట్స్ చేస్తోంది. రెండు వారాలకోసారి కాల్గరీలో అక్క దగ్గరికి పోతుంది. వర్క్ పర్మిట్ ఇంకొన్ని నెలల్లో అయిపోతుందిట. శాశ్వత నివాసానికి, అదే PRకి, పాయింట్లు చాలడం లేదు. ఇవన్నీ రొట్టె తింటూ మామూలుగానే చెప్పింది, కానీ మధ్యలో రెండుసార్లు ఫోన్ తీసి మెయిల్ చూసుకుంది.

పిన్ని మా ప్రయాణం సంగతి చెప్పింది. మౌనిక పొట్ట పట్టుకుని నవ్వి, "అయితే నా PRకి గూడ మొక్కుండ్రి ఆంటీ. నా జుట్టు మొత్తం ఇచ్చేస్త," అంది.

పిన్ని మొహం బిగిసింది. "ఇంకొకళ్ళ తలమీద మొక్కడం మానేశానమ్మా," అని కిటికీ వైపు తిరిగింది. అమ్మాయి నొచ్చుకుంది. నేను మాట మార్చి, దారిలో బస్సాగే ఊరు రెడ్ డీర్ ఎప్పుడొస్తుందని అడిగాను.

రెడ్ డీర్‌లో పది నిమిషాలు ఆగుతుంది. కాఫీ తాగొచ్చు, బాత్రూంకి క్యూ ఉంటుంది. దారంతా రెండువైపులా కనోలా పూత. ఆవచేలకి దగ్గరి చుట్టమే, అదే పసుపు. రెండు దాటాక పడమట కొండలు నీలంగా కనిపించాయి. అప్పటిదాకా బిగుసుక్కూచున్న పిన్ని, "మా వంటింటి కిటికీలోంచి కనపడేవి ఇవి," అంది. మౌనిక లేచి తన ఫోన్‌లో ఆవిడకి ఫొటో తీసి పెట్టింది.

కాల్గరీ డౌన్‌టౌన్‌లో ట్రైన్‌కి టికెట్ అక్కర్లేదు, కొన్ని స్టేషన్ల వరకు ఉచితం. హద్దు దాటితే మాత్రం కొనాలి. మా మోటెల్ హద్దుకి అవతలే ఉంది. గది రాత్రికి నూట నలభై, మంచాలు రెండు, ఫ్రిజ్ గుర్రుపెడుతుంది. ఎదురుగా వియత్నాం హోటల్లో కూరగాయల నూడుల్స్ పదిహేను డాలర్లు. పిన్ని అందులో మాగాయ ఊట కలుపుకుని, "ఇప్పుడు బాగుంది," అంది.

శనివారం రెండింటికి ఆట. పొద్దున్నే పిన్ని మోటెల్ మైక్రోవేవ్‌లో అన్నం వండి పులిహోర కలిపింది. ఆట రోజుల్లో కర్టిస్ అదే తినేవాడట. పోపు సామాను ఇంటి దగ్గరే వేయించి తెచ్చుకుంది. పద్ధతి నన్నడక్కండి, నేను బయట నిలబడ్డాను.

హాలు ఊరి ఉత్తరాన ఓ కమ్యూనిటీ సెంటర్. టికెట్ ఇరవై డాలర్లు. పాత టికెట్ ఉన్నవాళ్ళకి ఉచితం. లీగ్ మూతపడ్డాక జరగకుండా పోయిన మ్యాచ్ టికెట్లన్నమాట. వాటిని దాచుకుని తెచ్చినవాళ్ళు నిజంగానే ఉన్నారు. గుమ్మం దగ్గర గోడకి పొడవాటి చెక్క కట్టి, ఆరడుగుల ఐదంగుళాల దగ్గర ఎర్రగీత గీశారు. వచ్చిన ఆటగాణ్ణల్లా నిలబెట్టి కొలుస్తున్నారు. జనం చప్పట్లు.

మేం వెళ్ళేసరికి ఆ చెక్క కింద ఓ నల్లటి పెద్దాయన, బూట్లు విప్పి, మడమలు గోడకి ఆనించి నిలబడి ఉన్నాడు. గుండ్రటి బొజ్జ. నెత్తి నున్నగా, అద్దంలా మెరుస్తోంది. ఒక్క వెంట్రుక లేదు. ఎర్రగీతకి వేలెడు కిందే ఉన్నాడు.

"ఇవాళ బస్తా మొయ్యక్కర్లేదు," అని అతను ఎవరితోనో అంటున్నాడు. ఇంగ్లీషులోనే అనుకోండి.

పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది. "వాడే," అంది. మరుక్షణం ఆవిడ కళ్ళు అతని నెత్తిమీదికి వెళ్ళాయి. నా మోచెయ్యి వదిలేసింది. విమానంలో ఆడిన ఎకసెక్కానికి నన్ను నేనే తిట్టుకున్నాను.

అతను మమ్మల్ని చూశాడు. జనాన్ని తోసుకుంటూ వచ్చి, "మిసెస్ రావ్," అని వంగి పిన్నిని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. వదిలాక ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. పులిహోర డబ్బా అందుకుని మూత తీసి వాసన చూసి, మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు.

ఆట మొదలయ్యేలోపే పిన్ని విషయంలోకి దిగింది. "కర్టిస్, సీజన్ అయ్యాక ఇస్తానన్నావు. సీజన్ ఇవాళ అయిపోతుంది. నీ దగ్గరేమో జుట్టు లేదు."

అతను బెంచీ మీద ఆవిడ పక్కన కూచున్నాడు. "ఇచ్చేశాను కదా," అన్నాడు.

లీగ్ మూతపడ్డ ఏడాదే, శీతాకాలానికి ముందు. అమెరికాలో తన ఊళ్ళో మంగలి దగ్గర కూచుని మొత్తం తీయించేసి, ఆ జుట్టంతా కాగితం సంచిలో పోసుకుని, కారులో రెండు గంటలు గుడి వెతుక్కుంటూ వెళ్ళాడట. నల్లటి దేవుడు, నుదుట పెద్ద తెల్ల నామం. పిన్ని వంటింట్లో పటం గుర్తుంది కాబట్టి పోల్చుకున్నాడు. ఆ సంచి ఏం చేసుకోవాలో అక్కడి పూజారికి అర్థం కాలేదు. చివరికి పళ్ళెంలో పెట్టి మంత్రం చదవబోతూ గోత్రం అడిగాడు.

"నాకు తెలియదు కదా. మీ ఇంటి అడ్రస్ చెప్పాను," అన్నాడు కర్టిస్.

శీతాకాలం దాటాక పిన్ని వాళ్ళకి ఫోన్ చేస్తే నంబరు పనిచెయ్యలేదు. అప్పటికే వీళ్ళు ఇల్లు మారిపోయారు.

పిన్ని మెల్లగా, "ఆలస్యంగా ఇచ్చావు. అందుకే టీమ్ పోయిందేమో," అంది. ముప్పై ఏళ్ళ భయం ఇంకా కొస పట్టుకుని వేలాడుతోంది.

కర్టిస్ తల అడ్డంగా ఊపాడు. "మిసెస్ రావ్, మీరు అడిగింది కొలత గురించి. నేను పాసయ్యాను. ఆయన పని ఆయన చేశాడు. టీమ్‌కి డబ్బు పెట్టేవాళ్ళ దగ్గర డబ్బు లేదు, అది వాళ్ళ పని. నాకు ఆ రెండు వేసవులు దొరికాయి. ఆ ఆట చూసే నాకు కాలేజీలో కోచ్ ఉద్యోగం ఇచ్చారు. దాంతోనే బతికాను, పిల్లల్ని చదివించాను."

పిన్ని అతని నున్నటి నెత్తిమీద చెయ్యి పెట్టి ఓసారి నిమిరింది. అతను పిల్లాడిలా కదలకుండా కూచున్నాడు.

ఇక ఆట సంగతి. నిజం చెప్పాలంటే ఆట అనడానికి లేదు. అరవై ఏళ్ళవాళ్ళు ఆయాసపడుతూ అటూ ఇటూ నడిచారు. కర్టిస్ మూడుసార్లు బుట్టలో వేశాడు, ఐదుసార్లు నీళ్ళు తాగాడు. అయినా హాల్లో అందరూ లేచి నిలబడి చూశారు. చివర్న మైకులో ఒకావిడ సీజన్ ముగిసిందని చెప్పింది. పాత టికెట్లు తెచ్చినవాళ్ళు వాటిని పైకెత్తి ఊపారు. పిన్ని ఖాళీ డబ్బా ఎత్తి ఊపింది.

ఆదివారం పదింటి బస్సుకి తిరుగు ప్రయాణం. మౌనిక కూడా అదే బస్సులో ఉంది, సాయంత్రం ఏదో షిఫ్టు ఉందిట. మమ్మల్ని చూసి సందేహిస్తూ, "అంకుల్ గుండు అయిందా ఆంటీ?" అని అడిగింది.

"ఎప్పుడో అయింది," అని పిన్ని ఆమెను పక్కన కూచోబెట్టుకుంది. నన్ను వెనక సీటుకి తరిమేసింది. కథంతా చెప్పింది, మధ్యలో గోత్రం దగ్గర ఇద్దరూ బస్సంతా వినపడేలా నవ్వారు. రెండు రోజుల కింద బిగుసుక్కూచున్న మనిషేనా అనిపించింది. కనోలా చేలు మళ్ళీ రెండువైపులా మొదలయ్యాయి.

రెడ్ డీర్ దాటాక పిన్ని కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. మౌనిక ఫోన్ పక్కన పెట్టి చూస్తూ ఊరుకుంది.

"ఏం మొక్కిన్రు ఆంటీ?"

"నీ PRకి."

అమ్మాయి గబుక్కున తన జడ ముందుకి తీసుకుంది. "నా జుట్టే గదా?"

"కాదు. నాదే."

నేను వెనక నుంచి సీటు మీదికి వంగాను. ముప్పై ఏళ్ళు ఒక్క మొక్కుతో సతమతమైన మనిషి, తిరుగు బస్సులోనే ఇంకోటి మొదలుపెట్టింది. "పిన్నీ, ఆడవాళ్ళు మూడు కత్తెరలు ఇస్తే సరిపోతుంది. అలాగే మొక్కావు కదూ?" అన్నాను.

పిన్ని జడ చివర ఊడిన రబ్బరు బ్యాండు మళ్ళీ బిగించుకుంటోంది.

"కర్టిస్ మొత్తం ఇచ్చాడు కదరా," అంది.